ఎండబెట్టిన బ్యాటరీలు

ఒక మనిషి పాట ఆపేసి నలభై ఏళ్లు దాటింది. అప్పట్నుంచీ ఆ బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు బయటికేమీ కనబడదు. వేళకి తిన్నాను, వేళకి ప్రమోషన్లు తీసుకున్నాను, అందరిలాగే లావెక్కాను. బరువంటే మనిషి చిక్కిపోవాలి కదా. నాకు అదీ జరగలేదు.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఇద్దరికీ మంచిదే. నన్నెరిగినవాళ్లకి చెప్పడం నావల్ల కాదు. నేను గంభీరంగా ఏదైనా మొదలెడితే చాలు, చివర్లో నవ్వు వస్తుందని మొహాలు సిద్ధం చేసుకుని కూర్చుంటారు. అలా అలవాటు చేసింది నేనే. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా దగ్గర చదువుకున్నవాళ్లు బజారులో కనబడితే నేను వేసిన జోకులు అప్పచెప్తారు. ఫిజిక్స్ ఒక్కడూ అప్పచెప్పడు.

దీని చివర్లో నవ్వు లేదు. ముందే చెప్పేస్తున్నాను.

మాది నెల్లిమర్ల. మా పక్కింట్లో రవణప్ప ఉండేది. మా వైపు అక్కని అప్ప అంటాం. సొంత అప్ప కాదు, కానీ చిన్నప్పుడు నాకు జడ వేసి బొట్టు పెట్టి వీధంతా తిప్పిన మనిషి, అంతకంటే సొంతం ఇంకేముంటుంది? వాళ్ల నాన్న జనపనార మిల్లులో చేసేవాడు. ఈవిడ ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది. కుడుతూ పాటలు కట్టేది. మాటలూ తనవే, వరసా తనదే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎక్కడా రాసి పెట్టుకోలేదు. గోనెలు నేసే ఇంట్లో వానకి కప్పుకుందామంటే గోనె లేదని ఒక పాట. ఆగకుండా పోయే రైలుని తిడుతూ ఒక పాట. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు తినేసి వెళ్లిన జంతికల మీద ఒకటి, అది మా వీధిలో బాగా ఫేమస్.

గొంతు బరువైన గొంతు. ఖాళీ బిందెలో నీళ్లు పడ్డం మొదలైనప్పుడు ఒక లోతైన చప్పుడు వస్తుంది చూడండి. బిందె నిండేకొద్దీ అది సన్నబడిపోతుంది. రవణప్ప గొంతు సన్నబడకుండా ఆ మొదట్లోనే ఉండేది. కొందరు మగగొంతు అనేవాళ్లు. అన్నవాళ్లు కూడా పాట అయ్యేదాకా లేచేవాళ్లు కాదు.

అప్పుడు నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. విశాఖపట్నంలో జానపదాలు, భక్తిపాటలు వేసే చిన్న క్యాసెట్ కంపెనీ ఒకటుందనీ, అక్కడ తన బంధువు ఉన్నాడనీ నా క్లాస్‌మేటు చెప్పాడు. శాంపిల్ క్యాసెట్ తెస్తే వింటారట. ఇప్పుడు డెమో అంటున్నారే, అదే. రవణప్పని ఒప్పించడానికి నెల పట్టింది. ఒప్పించింది నేనే. ఈ విషయం నా తరఫున ఎవరైనా వాదిస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మావయ్య గల్ఫ్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు మా ఇంట్లో ఉండేది. కరెంటు మీద రికార్డు చేస్తే గుయ్యిమని వెనకాల ఒక మోత పడేది. అందుకని బ్యాటరీలతో చేద్దామన్నాను. "కొత్తయి కొనరా, పాతయి పెట్టకు" అని రవణప్ప రెండుసార్లు చెప్పింది. అలాగే అన్నాను. ఆదివారం మధ్యాహ్నం, కొట్టు మూసుంది. బజారుదాకా వెళ్తే దొరుకుతాయి. ఎండగా ఉంది.

మా పిట్టగోడ మీద మిరపకాయల పక్కన పాత బ్యాటరీలు ఎండుతున్నాయి. మా ఇళ్లలో బ్యాటరీ అయిపోతే పారేసేవారు కాదు. ఎండలో పెట్టేవారు. రెండు మూడు ఎండలు తగిలితే దానికి మళ్లీ కాస్త ప్రాణం వస్తుంది. ఆ ప్రాణం రేడియోలో వార్తలు చదివేదాకా ఉంటుంది, వాతావరణం దగ్గర పోతుంది. అందరికీ తెలుసు. నాకూ తెలుసు. వేడివేడిగా ఉన్నవాటిని లుంగీకి తుడిచి పెట్టేశాను.

కిటికీలు మూసి, వాళ్లమ్మని పక్కింటికి పంపేసి, రవణప్ప మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుని పాడింది. ఒక్కో పాట అవగానే "అయిపోనాది. తరవాతది పాడనా?" అని అడిగేది. నేను తలూపేవాణ్ణి. మూడో పాట దగ్గర టేప్‌రికార్డరు మీద ఎర్రలైటు మసకబారింది. చూశాను. చూడలేదని ఇన్నేళ్లలో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను గానీ, చూశాను. ఇంకెంత, అయిపోవచ్చింది కదా అనుకున్నాను. ఆఖరి పాట ఆఖరి చరణం అవడమూ టేప్‌రికార్డరు ఆగిపోవడమూ ఒకటే. "పెట్టు, ఇంటాను" అంది. బ్యాటరీలు అయిపోయాయన్నాను. కొత్తవే గానీ నకిలీ సరుకులా ఉందన్నాను. కొట్టువాణ్ణి ఒక మాట తిట్టాను కూడా. పాపం అతను ఆ మధ్యాహ్నమంతా అన్నం తిని పడుకున్నాడు.

బ్యాటరీ నీరసిస్తే మోటారు నెమ్మదిస్తుంది. టేపు కొంచెమే కదులుతుంది, పాటంతా ఆ కొంచెంలో ఇరుక్కుంటుంది. తర్వాత అదే టేపుని పూర్తి కరెంటు మీద పెడితే అది దాని వేగంతో పరిగెత్తుతుంది. లావు గొంతు సన్నగా, తొందరగా, కీచుమని వస్తుంది. ఇంతే సంగతి. తర్వాత నేను జీతం తీసుకుని క్లాసులో చెప్పిన సంగతులు దీనికంటే చాలా కష్టమైనవి.

విశాఖపట్నంలో ఆ బంధువు టేపుని కరెంటు మీద పెట్టాడు. మొదటి పాట కాస్త పలచగా ఉంది. మూడో పాటకి రవణప్ప ఆరేళ్ల పిల్ల అయింది. ఆఖరి పాటకి ఉడత అయింది. పక్కగదిలోంచి నలుగురు వచ్చి నిలబడ్డారు. "చిన్నపిల్లల పాటలు మేం వెయ్యం తమ్ముడూ, పాపకి పాలు పట్టి పడుకోబెట్టండి" అన్నాడాయన. అందరూ నవ్వారు.

ఏం జరిగిందో నాకు ఆ నవ్వులోనే తెలిసిపోయింది. పిట్టగోడ, మిరపకాయలు, మసకబారిన లైటు, అన్నీ ఒక్కసారే. నోరు తెరిచాను. "పాప కాదండీ. పాతికేళ్ల పాప" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఒకాయన నా భుజం తట్టి టీ చెప్పాడు.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను అడగని రోజు లేదని చెప్తే అబద్ధమవుతుంది, అడగని సంవత్సరాలే ఉన్నాయి. అడిగినప్పుడు మాత్రం దొరికే జవాబు ఒకటే. నవ్వుతున్న గదిలో నిలబడి, నవ్వు ఆపే మాట చెప్పడం నాకు రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఆ టీ బాగుంది. అది కూడా గుర్తుంది.

వచ్చిన ప్రతి క్యాసెట్‌కీ వాళ్లొక కాపీ తీసి ఉంచుకునేవారు. అసలుది నా చేతిలో పెట్టారు. బస్సులో వస్తూ అనుకున్నాను, కొత్త బ్యాటరీలు కొని రేపే మళ్లీ పాడిద్దామని. అది ఎంత తేలికో మీరూ చూస్తున్నారు కదా. పెద్ద తప్పు కాదు, సరిచెయ్యలేనిది కాదు. చెప్పాల్సింది ఒక్క మాట: ఎండబెట్టినవి పెట్టానప్పా. ఆవిడ నన్ను నాలుగు తిట్టేది. బహుశా స్కేలుతో ఒకటి వేసేది. ఆ తర్వాత పాడేది. నెల్లిమర్లలో బస్సు దిగేదాకా ఆ మాట నోట్లోనే ఉంది.

"ఏటన్నారొరే?" అంది గుమ్మంలోనే.

"గొంతు సన్నగా ఉందన్నారప్పా."

"సన్నగానా? నాదా?" అని నవ్వేసింది. నవ్వక ఏం చేస్తుంది?

టేపు పెట్టాను. ఆరోజు కరెంటు పోలేదు. మా ఊళ్లో కరెంటు పోని రోజులు అప్పట్లో తక్కువ, అదొకటి. రవణప్ప చేతిలో ఎవరిదో జాకెట్టు ఉంది, దానికి గుండీలు కుడుతోంది. రెండో పాటకి సూది ఆగింది.

"ఇది నానేనా?"

"నువ్వే."

"నా గొంతు ఇలగుంటాదేటి?"

నువ్వే అన్నచోట ఆగిపోవచ్చు. ఇక్కడ కూడా ఆగిపోవచ్చు. కానీ నేను ఫిజిక్స్ విద్యార్థిని కదా, చదువుకున్నది ఎప్పుడు పనికొస్తుంది? "మన గొంతు మనకి ఎముకల్లోంచి వినబడతాదప్పా. అందుకే మనకి లావుగా అనిపిస్తాది. బయటోళ్లకి ఇలగే వినబడతాది. మా పుస్తకంలో ఉన్నాది" అన్నాను. పుస్తకంలో ఉన్నమాట నిజమే. అందులో సగం నిజమే. పూర్తి అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాణ్ణి.

"మరయితే ఇన్నాళ్లూ ఎవులూ సెప్పనేదేటి?"

"మొగమాటం."

టేపు ఆపమనలేదు. అది పూర్తిగా వింది, ఉడత దాకా. తర్వాత క్యాసెట్ తీసి తన దగ్గరే పెట్టుకుంది. "నువ్వు సదువుకున్నోడివి కాబట్టి సెప్పేవు. మంచిదే అయింది, నలుగుర్లో నవ్వులపాలవకుండా" అంది. మళ్లీ గుండీ అందుకుంది. ఆ క్యాసెట్ ఏం చేసిందో నాకు తెలీదు. పొయ్యిలో పెట్టిందనుకుంటాను.

తర్వాత ఎవరైనా పాడమంటే పాడలేదు. "ఎంత బాగుంటుందే నీ గొంతు" అని ఎవరైనా అంటే ఒక రకంగా నవ్వేది. ఆ నవ్వు అర్థం నాకొక్కడికే తెలుసు. మొగమాటం. ఒక్క మాటతో ఆవిడకి జీవితంలో రావాల్సిన మెచ్చుకోళ్లన్నిటికీ ముందే తాళం వేశాను. నేనన్న మాటల్లో ఇంత బాగా పనిచేసింది ఇంకోటి లేదు.

కోటబొమ్మాళి సంబంధం వచ్చింది, పెళ్లయింది, వెళ్లిపోయింది. పెళ్లయ్యాక పాట మానేసింది కాబోలనుకున్నారు మా వీధివాళ్లు. ఆడమనిషి పాట మానేస్తే కారణం ఎవరూ అడగరు. ఆ ఏర్పాటు కూడా నాకు కలిసొచ్చింది. నా పెళ్లిలో మంగళహారతికి ఆడవాళ్లు బలవంతం చేస్తే, "నాను పాడితే పెళ్లికొడుకు పారిపోతాడు" అంది. అందరూ నవ్వారు. పెళ్లికొడుకూ నవ్వాడు. జోకు వేసి తప్పించుకోవడం ఎవరి దగ్గర నేర్చుకుందో పెళ్లికొడుక్కి తెలుసు.

కొన్నేళ్ల కిందట ఆవిడ మెడ దగ్గర గడ్డ వచ్చింది. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఉంటున్నాను కాబట్టి ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఆపరేషన్ చెయ్యాలి, గొంతు నరం పక్కనే ఉంది, మాట బొంగురుపోవచ్చు, ఆలోచించుకోండి అన్నాడు డాక్టరు. ఆయన మంచివాడు, చాలా నెమ్మదిగా చెప్పాడు. రవణప్ప ఆయన్నే ఓదార్చింది.

"పరవానేదు బాబూ. పోతే పోనీ. అదేటంత మంచి గొంతు కాదులే."

అని నావైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ రహస్యం మా ఇద్దరికే తెలుసు కదా, ఆ చనువు. నేను గోడ మీద వేలాడదీసిన గొంతు బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఎరుపు, నీలం రంగుల్లో నరాలు వేశారు. చాలా శ్రద్ధగా చూశాను. ఏం చెప్పినా ఆపరేషన్ తప్పదు, చెప్తే భయపడుతుంది, ఇప్పుడు చెప్పడం దుర్మార్గం అని నాకు నేను వాదించుకున్నాను. వాదన బాగానే ఉంది. నా వాదనల్లో ఎప్పుడూ లోపం ఉండదు, మనిషిలోనే ఉంటుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట బొంగురుపోయింది. ఇప్పుడు ఫోన్లో ఆవిడ మాట్లాడితే గాలే ఎక్కువ వినిపిస్తుంది.

ఇదిక్కడితో ముగిసిపోయి ఉంటే బహుశా మీకు చెప్పేవాణ్ణి కాదు. ఈ మధ్య హైదరాబాదు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. సొంతంగా పాటలు కట్టి పాడినవాళ్ల శాంపిల్ క్యాసెట్లు, ఎప్పుడూ విడుదల కానివి, వెతికి జాగ్రత్త చేస్తుందట. మూతబడ్డ ఆ విశాఖపట్నం కంపెనీ సామానులో ఒక టేపు దొరికింది. దాని మీద పాడినవాళ్ల పేరు లేదు, తెచ్చినవాడి పేరూ ఊరూ ఉన్నాయి. వాటితో నన్ను పట్టుకుంది. "సార్, అంత చిన్నపాప అలాంటి పాటలు ఎలా పాడిందో నాకు అర్థం కావట్లేదు. ఆ పాప ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. ఎంతో గౌరవంగా అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను.

ఆ టేపుని కంప్యూటర్లోకి ఎక్కించి నాకు పంపింది. రిటైరైనవాడికి పనేముంది, కూర్చున్నాను. వేగం తగ్గించాలి. ఒక్కసారిగా తగ్గిస్తే కుదరదు. బ్యాటరీలు ఎలా నీరసించాయో అలాగే పాటపాటకీ ఎక్కువగా తగ్గిస్తూ పోవాలి. ఎంతవరకు? దానికి కొలబద్ద ఆ టేపులోనే ఉంది. పాటకీ పాటకీ మధ్య రవణప్ప మాట్లాడింది కదా. ఆ ఉడత గొంతు కిందికి దిగి, దిగి, "తరవాతది పాడనా?" అన్నది పక్కింటి గుమ్మంలోంచి వినిపించినట్టు అయ్యాక ఆపాను. అప్పుడు పాట పెట్టాను.

ఏం చెప్పను? బాగుంది. నేను జ్ఞాపకం పెట్టుకున్న దానికంటే చాలా బాగుంది. జ్ఞాపకంలో కూడా నేను దాన్ని తగ్గించే ఉంచుకున్నట్టున్నాను.

కోటబొమ్మాళి వెళ్లాను. రైల్లో సాధన చేశాను, చిన్నపిల్లాడు పద్యం వల్లించినట్టు. రవణప్ప పెరట్లో బట్టలు మడతపెడుతోంది. మజ్జిగ ఇచ్చింది. ఆరోగ్యాల కబుర్లయ్యాయి. చెప్పడానికి నోరు రాక, ముందు వినిపిద్దాం, తనకే తెలుస్తుంది కదా అనుకుని ఫోన్లో గోనె పాట పెట్టాను. ఇంకో సంగతి చెప్పాలి. పాటల మధ్య ఆవిడ మాటలున్నాయన్నానే, అవి కత్తిరించేశాను. పాట శుభ్రంగా ఉంటుందని కత్తిరించానా? మాట వింటే పోల్చేస్తుందని కత్తిరించానా? రైలెక్కేముందే కత్తిరించాను. అది మాత్రం తెలుసు.

చేతిలో తువ్వాలు అలాగే ఉంచి వింది. సగం పాటకి కూర్చుంది. పెదవులు కదుపుతోంది, గొంతు లేకుండా.

"ఇది నా పాట" అంది.

"అవునప్పా."

"ఎవులొరే పాడింది?"

నేను ఆవిడ మొహం చూశాను. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతోంది. తన గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి నేనెప్పుడో చెప్పేశాను, అది ఇలా ఉండదు.

"ఎంత బాగా పాడిందిరా. అయితే ఆ కంపెనీవోళ్లు నా పాటలు పారెయ్యనేదన్నమాట. మంచి గొంతున్న దానిసేత పాడించుకున్నారు." బొంగురు గొంతుతో, ఆగి ఆగి చెప్పింది. కళ్లు మెరుస్తున్నాయి. "పాటలు బాగున్నాయనే కదా మరి. గొంతే కదా బాగోనిది."

మళ్లీ పెట్టమంది. పెట్టాను. మూడోసారి కూడా. కోడల్ని పిలిచి, "నా అప్పటి పాట, ఎవులో పెద్ద పాటగత్తె పాడింది" అని చూపించింది. నేను వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చింది.

"ఆవిడెవులో కనుక్కోరా. బతికుంటే ఒకపాలి సూడాలని ఉన్నాది."

"కనుక్కుంటానప్పా" అన్నాను.

చెప్తే ఏమవుతుంది? ఆ గొంతు నీదే అంటే, నీకుండేది అన్నట్టు. అదే మాటలో, ఇప్పుడు లేదు అన్నట్టు కూడా. ఆ పాటగత్తెని ఇచ్చి, అదే చేత్తో లాగేసుకోవాలి. చెప్పకపోతే? ఎవరో పెద్ద గాయని తన పాట పాడిందని చుట్టుపక్కలంతా చెప్పుకుంటుంది, ఆవిడ కోసం ఎదురుచూస్తుంది. రెండూ ఆలోచించాను. ఏది ఆవిడకి మంచిదో, ఏది నాకు సుఖమో విడదీసి చూసుకునే తెలివి నాకు మిగల్లేదు. వారం వారం ఫోన్ చేస్తుంది. కనుక్కున్నావా అని అడుగుతుంది. చూస్తున్నానప్పా అంటాను. హైదరాబాదు అమ్మాయికీ అదే చెప్తున్నాను.

ఆ పాడినావిడెవరో నాకు తెలుసు. కోటబొమ్మాళిలో ఉంటుంది. పేరు రవణ. పాటలు ఆవిడవే, గొంతూ ఆవిడదే. దాన్ని పాడుచేసింది నేను.

ఇంతవరకూ ఈ నాలుగు మాటలూ ఇదే వరసలో ఎక్కడా అనలేదు, గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా. చెప్పాల్సిన మనిషికి కాకుండా మీకు చెప్పాను. దీనివల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా రాసేశాక కుర్చీలో వెనక్కి వాలాను, ఊపిరి కొంచెం కిందిదాకా వెళ్లింది. సిగ్గులేని ఊపిరి.